కాగితం లేని చోట

వ, హి, హి. ధర చీటీ మీద ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది అని వేసి ఉంటే నాకు మాత్రం వ, హి, హి అనే వినిపించింది, గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా నిలబడిపోయిన మనిషిలా, ఇంకొక్క అడుగు వేస్తే ఇల్లే కదా, తొమ్మిది తర్వాత పై మూడు, మూడంటే టొ, టొ అంటే పాటకి ఇల్లు, ధర వేసినవాళ్లకి ఆ బాధ ఎక్కడిది, తొమ్మిది వందల పాంగాలు కాదని నమ్మించడానికి ఒకటి తగ్గించి వేశారంతే. టోంగాలో చర్చి పాటలు నేర్చుకున్నవాళ్లకి ఈ జబ్బు తప్పదు. మాకు మూడు నుంచి తొమ్మిది దాకా అంకెలే స్వరాలు, టొ, ఫ, ని, ఒ, టు, వ, హి, ఒకటీ రెండూ మూగవి. మా చెల్లెలి ఫోన్ నంబరు నాకు అంకెలుగా ఏనాడూ గుర్తుండదు, పాడుకుంటూ నొక్కుతాను. ఇలాంటి చెవులు పెట్టుకుని ఈ నుకుఅలోఫా బజారులో, ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో, పట్నానికి వచ్చేటప్పుడు మర్యాద కోసం కట్టుకునే చాప నడుముకి కట్టుకుని, ఒళ్లో ట్యాబు పెట్టుకుని కూర్చున్నాను, ఇది కొనదగ్గదా కాదా అన్నది ఒక గంటలో తేల్చాలట. గంటంటే, ఆస్పత్రిలో ఫెలెటి కళ్లలో చుక్కలు వేసి, అవి పనిచేసే దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, డాక్టరు చూసి పంపించేంత సేపు. ఫెలెటి నా భర్త, మా ఊరి చర్చిలో క్వయర్‌ని ముప్పై ఏళ్లుగా నడిపిస్తున్నాడు. పొద్దున వ్యానులో నా చెయ్యి వెతుక్కుని పట్టుకుని, "నాకేం తెలుస్తుంది లోసెలి, నువ్వు బాగుందంటే బాగున్నట్టే" అన్నాడు. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది.

దుకాణంలో పనిచేసే పిల్ల పేరు పిసిలా, చొక్కాకి పేరు చీటీ తగిలించి ఉంది, చెవిలో గన్నేరు పువ్వు, గోళ్లకి నీలం రంగు, వేలితో ట్యాబు మీద ఇలా అని అలా అని చూపించింది, ఆ పిల్ల వేలు తగిలితే నీళ్లలా జరిగే బొమ్మలు నా వేలు తగిలితే మొరాయించాయి, నలభై ఏళ్లుగా చేమదుంపలు గీకి, గుడ్డ కోసం మల్బరీ బెరడు కొట్టి కొట్టి నా వేళ్లకి వేలిముద్రలే అరిగిపోయాయేమో. "తడి చేసుకోండి పెద్దమ్మా" అంది. నాలిక్కి వేలు తగిలించుకుని ముట్టుకున్నాను, జరిగింది. "సినిమాలు చూడ్డానికా?" అని అడిగింది. అంకెలు చూడ్డానికన్నాను. "లెక్కలా?" అంది. పాట అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు, ఏ కొత్త చర్చి పిల్లో, గిటార్లు వాయిస్తూ గోడ మీద పదాలు వేసుకుని పాడే చర్చి అయ్యుంటుంది. చూపిస్తానుండు అని రాసుకునే చోట ఒక వరస కొట్టాను, ఏడు ఏడు ఎనిమిది తొమ్మిది ఐదు నాలుగు మూడు, టు టు వ హి ని ఫ టొ, ఆదివారం సాయంత్రం పాటలో మొదటి వరస, మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ట్యాబు ఆ అంకెలన్నిటినీ నీలం చేసి, కింద గీత గీసి, ఈ నంబరుకి ఫోను చేయాలా అని అడిగింది. పిసిలా కౌంటరు మీద వాలిపోయి నవ్వింది. "నొక్కకండి పెద్దమ్మా, మా ఇంటి పక్క రొట్టెల కొట్టుదైనా అయ్యుంటుంది" అంది. నేనూ నవ్వాను, కానీ లోపల ఒక మూల సంతోషంగా టిక్కు పెట్టుకున్నాను, ఇది ఒక లోపం, పాటకీ ఫోను నంబరుకీ తేడా తెలియని వస్తువు మాకెందుకు.

లోపాలు వెతుకుతున్నాను, ఒప్పుకుంటున్నాను. పొద్దున ఇంట్లో చాప చుట్టుకుంటున్నప్పటి నుంచీ నేను లోపాలే వెతుకుతున్నాను. వీధి వైపు తిప్పి చూస్తే అద్దంలా మెరిసి నా ముక్కే కనిపించింది, చర్చి హాల్లో సాయంత్రం ఎండ పడమటి కిటికీల్లోంచే వస్తుంది, సరే అది రెండోది. మాది సముద్రానికి పిలుపు దూరంలో ఉన్న ఊరు, ఉప్పుగాలికి గ్యాసు పొయ్యే ఏడాదికి రాలిపోతుంది, ఇంత పలచటి వస్తువు ఎంతకాలం బతుకుతుంది. అది మూడోది. నాలుగోది కెలెపి. కెలెపి ఫెలెటి అక్క కొడుకు, ఇప్పుడు ఆస్పత్రిలో మామ పక్కన బెంచీ మీద కూర్చున్నది వాడే, మంచి పిల్లాడే, నలభై ఏళ్లొచ్చినా నాకు పిల్లాడే, కానీ మా దేశంలో మేనల్లుడంటే మేనమామ ఇంట్లో ఏది నచ్చితే అది తీసుకుపోయే హక్కున్నవాడు, అడగక్కర్లేదు, మేము మొహం మాడ్చుకోకూడదు. "మామా, నీ రేడియో మా ఇంట్లో బాగా పలుకుతోంది" అంటాడు, ఆ రోజుతో రేడియో సరి. అలాగే ఒక మోటార్ సైకిలు, ఈనబోయే పంది, ఫెలెటికి మా అన్న పంపిన తోలు చెప్పులు. ఈ ట్యాబుకి వారం. కానీ వాడు దీన్ని ముట్టుకోడని నాకు తెలుసు, ఎందుకంటే దీన్ని కొనమన్నదే వాడు. పాటలు దాచుకోవడానికని చెప్పి క్వయర్‌లో అందరి దగ్గరా పోగుచేసి కవరులో పెట్టి నా చేతికిచ్చింది వాడు, "అత్తా, మామ కళ్ల సంగతి నాకు తెలుసు, నేను ఎవరికీ చెప్పలేదు" అని వంటింటి గుమ్మం దగ్గర నెమ్మదిగా చెప్పింది వాడు. జూన్‌లో చర్చిలన్నిటి పెద్ద సభ, క్వయర్ల పోటీ. ఈసారి పోటీ పాటని ముందు ఇవ్వరట, అప్పటికప్పుడు కవరు విప్పి, ఒక్క గంటలో నేర్పించి పాడించాలట. కాగితం చదవలేని మనిషి ఆ గంటలో ఏం చేస్తాడు. చదవలేకపోతే క్వయర్‌ని నడిపించే కర్ర కెలెపికి ఇచ్చి పక్కకి జరగాలి, కెలెపి ఆ కర్రని కూడా హక్కుతో అడగొచ్చు, అడగకుండా ట్యాబుకి చందాలు పోగేశాడు. వాడి మీద నాకు కోపం రావడం లేదు, అదొక ఇబ్బంది.

చక్కెర జబ్బు ఫెలెటి కళ్లని ముందు అంచుల్లోంచి తిన్నది, తర్వాత నడుమలోకి వచ్చింది. ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది, మనుషుల ఆకారం తెలుస్తుంది, అరచేయంత అంకె వేస్తే కనిపెడతాడు, చిన్న అంకెలు పోయి రెండేళ్లు. క్వయర్‌కి తెలియదు. తెల్లవారుజామున, కోళ్లు లేవకముందు, మేమిద్దరం వంటింట్లో కూర్చుంటాం, నేను కాగితం పట్టుకుని చదువుతాను, టొ టొ ని, ఫ అరకొట్టు, నిలుపు, ఆయన తల వంచుకుని వింటాడు, మోకాలి మీద వేలితో తాళం వేసుకుంటూ, ముందు ఆడవాళ్ల పై వరస, తర్వాత కింది వరస, తర్వాత మగవాళ్లవి రెండూ, నాలుగు గొంతుల్నీ నాలుగు మార్లు చెబితే చాలు, ఒంట్లోకి వెళ్లిపోతాయి. సాయంత్రం హాల్లో నల్లబల్ల మీద ఆ నాలుగు వరసల్నీ ఆయనే సుద్దతో రాస్తాడు, నిలువు గీతలు కొడుతూ, చేతి కొలతతో, వంకర లేకుండా, అందరూ ఆయన చూసి రాస్తున్నాడనుకుంటారు, చేతిలో కాగితం కూడా ఉంటుంది మరి, ఒకసారి తలకిందులుగా ఉంది, నేను లేచి మంచినీళ్లు ఇచ్చే వంకతో తిప్పి పెట్టాను. పెళ్లయిన ముప్పై ఆరేళ్లలో ఆయన నా మాట అంత శ్రద్ధగా విన్నది ఈ రెండేళ్లే. అంతకుముందు క్వయర్‌లో నేను మూడో వరసలో కింది గొంతు, ఇంట్లో వంట. ఈ ట్యాబు వస్తే ఆ వంటింటి పొద్దులు పోతాయని దిగులుందా అని నన్ను నేను అడిగాను. ఉంది. కానీ దిగులైతే భరించవచ్చు, నాకున్నది భయం.

భయం నా సంచిలో ఉంది, పాత దిండు గుడ్డలో చుట్టి. మా మామగారి పుస్తకం. ఫెలెటి కంటే ముందు క్వయర్‌ని నడిపింది ఆయనే, నలభై ఏళ్లు, తప్పు స్వరం పలికినవాడి వేలి కణుపుల మీద స్కేలు అంచుతో కొట్టేవాడు, కొడుకైతే రెండు దెబ్బలు. నన్ను కోడలిగా తెచ్చుకున్న కొత్తలో, నాకు అంకెలొచ్చని, హఆపాయ్ దీవుల్లో మా అమ్మమ్మ నేర్పిందని ఎవరో చెబితే, "ఆడవాళ్లు పాడితే చాలు, లెక్కపెట్టక్కర్లేదు" అన్నాడు. ఆయన నవ్వగా నేను చూడలేదు. కానీ వరస పూర్తయ్యాక ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు, ఆ క్షణంలో ఆయన ముసలివాడిలా కాక చాలా అలసిపోయిన పిల్లాడిలా కనిపించేవాడు, ఎవరూ ఆయన్ని అలా చూడకూడదన్నట్టు వెంటనే కర్రతో బల్ల మీద కొట్టేవాడు. ఆయన సొంతంగా కట్టిన పాటలు ఒక పుస్తకంలో రాసుకుని రేకు పెట్టెలో పెట్టుకున్నాడు, ఎవరితోనూ పాడించలేదు. పోయి పద్దెనిమిదేళ్లయింది. ఫెలెటి ఆ పుస్తకాన్ని కళ్లు బాగున్నన్నాళ్లూ తెరవలేదు. తెరవకూడదు. మా ఆచారంలో కొడుకు తండ్రి తల తాకకూడదు, తండ్రి తినగా మిగిలింది తినకూడదు, తండ్రి వస్తువు ముట్టకూడదు, చనిపోతే మాత్రం తండ్రి తండ్రి కాకుండా పోతాడా అంటాడు. కోడలికి ఆ నిషేధం లేదు. అగ్నిపర్వతం పేలి సముద్రం ఊళ్లోకి వచ్చిన రోజు, బూడిద పడ్డ రోజు, మోకాలెత్తు నీళ్లు ఇంట్లోంచి వెళ్లిపోయాక, రేకు పెట్టెని విప్పి ఆ పుస్తకాన్ని రాయి మీద ఆరబెట్టింది నేనే. ఆరాక, అప్పటికే ఫెలెటికి చూపు జారిపోతోంది, నువ్వు చదువు లోసెలి, నేను వింటాను, వింటే ముట్టుకున్నట్టు కాదుగా అన్నాడు.

మొదటి పాటలో ఒక చిల్లు, అంతే, బొద్దింక కొరికిందో ఉప్పు తిన్నదో, ఒక్క అంకె లేదు, ముందు ఏడుంది, తర్వాత తొమ్మిదుంది, నేను ఆగకుండా ఎనిమిది అన్నాను, ఎవరైనా అంటారు, మెట్లలో ఒకటి లేకపోతే కాలు దానంతటదే ఆ అడుగు వేస్తుంది. రెండో పాటలో మూడు చిల్లులు. అక్కడ నేను కొంచెం ఆలోచించుకుని చెప్పాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆఖరి పాటకి వచ్చేసరికి ఒక పేజీ పై సగం ఉంది, కింది సగం లేదు, ఆరబెట్టిన రోజే తడిసిన రొట్టెలా నా చేతుల్లోనే విడిపోయి రాయి మీద అంటుకుపోయింది. పై సగం చదివాను. నాలుగు గొంతులూ అడుగులో అడుగు వేసుకుంటూ నడిచే పాట, మామగారి పాట, ఎవరూ ఎవరికోసమూ ఆగరు. అంచు దగ్గరికి వచ్చి ఆగాను. ఫెలెటి తల ఎత్తాడు, పొయ్యి వెలుతురు మొహం మీద పడుతోంది, "తర్వాత?" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత ఆశ ఉందో నేను చెప్పలేను, అరవై మూడేళ్ల మనిషి, తండ్రి తనకేదో చెప్పకుండా పోయాడని, అది ఇందులో ఉందని ఎదురుచూస్తున్న మనిషి. ఇక్కడితో కాగితం లేదు అనాలి. నేను కళ్లద్దాలు మసకబారాయి, రేపు చదువుదాం అన్నాను. మూడు రోజులు ఆ వంకే చెప్పాను. మూడు రోజులు కర్రపెండలం చెక్కు తీస్తూ, బట్టలు ఆరేస్తూ కింది సగం కట్టాను, నాలుగు గొంతులకీ, ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానూ ఉంది, గర్వంగానూ ఉంది, మగవాళ్ల పై వరస ఒక్కటే పైకెక్కుతుంది, ని, టు, హి, అక్కడ నిలబడుతుంది, ఒక తాళం కొట్టు సేపు ఎవరూ పలకరు, తర్వాత దిగుతుంది, వ, టు, ఇల్లు చేరదు, ఏడు దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అది మా అమ్మ సాయంత్రం పందుల్ని పిలిచే పిలుపు, కొబ్బరి చిప్పలు చేత్తో పట్టుకుని పెరట్లో నిలబడి పిలిచేది, పిలిచి ఆగేది, వస్తున్నాయా లేదా అని, అవి రాకముందు పిలుపు ఇల్లు ఎలా చేరుతుంది.

చర్చి ఏడ్చింది. ఈస్టరు ఆదివారం ఆ ఏడో స్వరం దగ్గర గొంతులు ఆగినప్పుడు వెనక బెంచీల్లో ముసలమ్మలు ముక్కులు చీదుకోవడం నాకు వినిపించింది, పాస్టరు గారు లేచి ఇది పరలోకపు గుమ్మం దగ్గర విన్న పాట అన్నాడు, నేను మూడో వరసలో చూపు కింద పెట్టుకుని, పందులు, అమ్మ పందులు, అనుకుంటూ నవ్వు రాకుండా పెదవి కొరుక్కున్నాను. ఆ రోజు మధ్యాహ్నం ఫెలెటి భోజనానికి రాలేదు. నేల పొయ్యి తవ్వి, చేమాకుల్లో చుట్టి ఉడికించిన మాంసం, లూ, విప్పి అందరికీ పెట్టేశాను, ఆయన లేడు. కెలెపి వెతికి వచ్చి సమాధుల దగ్గర ఉన్నాడన్నాడు. తండ్రి సమాధి దగ్గరికి ఆయన ఎప్పుడూ వెళ్లడు, దూరంగా నిలబడేవాడు. ఆ రోజు దాని పక్కన తెల్ల ఇసకలో కూర్చుని, చేత్తో నల్ల గులకరాళ్లని సరిచేస్తూ, మొహమంతా తడిసి ఉన్నాడు. నన్ను చూసి కాదు, నా అడుగుల చప్పుడు విని, "నాన్నలో ఇది కూడా ఉందని నాకు తెలియలేదు లోసెలి" అన్నాడు. అప్పటి నుంచి మనిషి మారాడు. క్వయర్‌లో తప్పు పలికితే తండ్రిలాగే కసిరేవాడు, ఇప్పుడు మళ్లీ అనండి నాయనా అంటున్నాడు. రాత్రి నిద్దట్లో పళ్లు కొరకడం మానేశాడు. ఎనిమిది నెలలుగా నేను ఆ మనిషి పక్కన హాయిగా పడుకుని, హాయిగా పడుకున్నందుకు భయపడుతున్నాను.

ఇప్పుడు ఏం జరిగిందంటే, ట్యాబుల గురించి కెలెపి చెప్పగానే ఫెలెటి అడిగిన మొదటి మాట పోటీ పాట గురించి కాదు. "కాగితాన్ని ఫొటో తీసి పెద్దది చేస్తుందంటున్నావు, అంటే నాన్న చేతిరాత నేను చూడొచ్చా? ఫొటో అంటే వస్తువు కాదుగా" అన్నాడు. పొద్దున పుస్తకం గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టించి, "ఆ ఆఖరి పాట పేజీనే పెట్టి చూడు, అది కనిపిస్తే చాలు" అన్నాడు. కాబట్టి ఈ ట్యాబు మంచిదైతే ఫెలెటికి కర్ర మిగులుతుంది, తండ్రి పోతాడు. మంచిది కాకపోతే తండ్రి ఉంటాడు, జూన్‌లో కర్ర పోతుంది. వ, హి, హి. గోడ గడియారంలో పన్నెండుకి ఇరవై తక్కువ. ఎవరో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మనిషి కేబులు కొనుక్కుంటున్నాడు, పిసిలా అటు వెళ్లింది, నేను గుడ్డ విప్పాను.

ఫొటో తీయడం వచ్చు, మనవళ్ల ఫోన్లతో తీస్తాను. కుర్చీ పక్కన బల్ల మీద పేజీ పరిచి, చిరిగిన అంచు చిట్లకుండా వేలి కొసతో పట్టుకుని తీశాను. తర్వాత పిసిలా చూపించినట్టు రెండు వేళ్లు పెట్టి విడదీశాను. అంకెలు లేచి వచ్చాయి. నేను సిద్ధంగా లేను దానికి. పదహారేళ్ల వయసులో నా కళ్లకి కూడా ఇంత బాగా కనిపించి ఉండవు, బొటనవేలంత ఏడు, అరచేయంత ఎనిమిది, సిరా ఎక్కడ ఆగి మళ్లీ మొదలైందో, కలం ఎక్కడ నొక్కాడో, ఒక తొమ్మిది పక్కన సిరా చుక్క, దాని మీద ఆయన వేలిముద్ర. స్కేలుతో కొట్టిన వేలు. కాసేపు ఆ ముద్రనే చూశాను, మామగారి మీద ముప్పై ఆరేళ్లుగా దాచుకున్న కోపం ఏదో కొంచెం జరిగింది. ఇది మంచి వస్తువు, అద్భుతమైన వస్తువు, వెలుతురు మెరుస్తోంది అన్నది అబద్ధం, పక్కకి వంచితే మెరవడం లేదు, ఫోను నంబరు గోల కూడా ఫొటోకి లేదు. ఇక లోపం లేదు. నేను పేజీని పైకి జరుపుకుంటూ అంచు దగ్గరికి వెళ్లాను, అంచు పెద్దదైంది, పీచులు పీచులుగా, దాని కింద దుకాణం వాళ్ల నీలం రేకు బల్ల. ఇంకొంచెం పెద్దది చేశాను. అప్పుడు కనిపించింది. చిరుగు తిన్నగా లేదు, ఒక చోట గోరంత మేర కిందికి దిగింది, ఆ గోరంత కాగితం మీద తర్వాతి వరస అంకెల తలలు మిగిలి ఉన్నాయి. రెండేళ్లుగా ఆ పేజీ నా చేతిలో ఉంది, సిరా మరకలనుకున్నాను. మూడు తలలు. పైన అడ్డగీత, గీతకి ఎడమ కొసన చిన్న కొక్కెం. మామగారి ఐదుకి కొక్కెం ఉండదు, ఏడుకి ఉండదు, ఆయన మూడుకే ఉంటుంది. మూడు, మూడు, మూడు. టొ, టొ, టొ. ఎవరి కోసమూ ఆగలేదు ఆయన, ఎవర్నీ పిలవలేదు, తిన్నగా ఇంటికి వెళ్లి తలుపేసుకున్నాడు.

రెండు వేళ్లతో ఆ బొమ్మని మళ్లీ చిన్నది చేశాను. ఇంకా దారులున్నాయి, అవన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి, పై సగమే ఫొటో తీసి ఇవ్వొచ్చు, పుస్తకం మొన్ననే ఎలుకలు కొట్టాయనొచ్చు, కింది సగం నేనే అలాంటి పాత కాగితం మీద ఆయన చేతిరాతలా కొక్కెం పెట్టి రాసి అతికించొచ్చు, రాయగలను కూడా. లేదా పిసిలాని పిలిచి, అమ్మా ఇది మాకు సరిపడదు, చిన్నగా ఉంది అని వెనక్కివ్వొచ్చు. ఇందులో ఏది చేసినా రేపు తెల్లవారుజామున ఆయన నా ఎదురుగా కూర్చుని, మోకాలి మీద వేలు పెట్టుకుని, నా గొంతులోంచి ఏది వస్తే అది నమ్ముతాడు. ఆ నమ్మకమే నన్ను తినేస్తోందని ఈ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. "బాగుందా పెద్దమ్మా?" అని పిసిలా వచ్చి వంగి చూసింది. "అయ్యో, పేజీ చిరిగిపోయిందే" అంది. ఎనిమిది నెలల్లో ఆ మాట పైకి అన్న మొదటి మనిషి ఆ పిల్లే. అవునమ్మా, చిరిగిపోయింది అన్నాను.

బయట వ్యాను ఆగింది. కెలెపి మామని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, నా పక్క కుర్చీలో కూర్చోబెట్టి, రోడ్డు మీద బండి పెట్టనివ్వరని మళ్లీ వెళ్లాడు. ఫెలెటి కళ్లకి అట్ట నల్లద్దాలు పెట్టారు, అవి తీస్తే కంటిపాపలు విప్పారి కన్నంతా నలుపే ఉంది.

"డాక్టరేమన్నాడు?" అన్నాను.

"పోయింది రాదట, ఉన్నది నిలబెడతాడట. అది సరే, ఎలా ఉంది ఇది? పనికొస్తుందా?"

ఈ గంటంతా ఈ ప్రశ్న కోసమే కూర్చున్నాను. "పనికొస్తుంది, కొందాం" అన్నాను. "కెలెపి చెప్పినదాని కంటే బాగుంది. జూన్‌లో నువ్వే చదువుకుంటావు."

ఆయన మొహం విప్పారింది. "నాన్న రాత కనిపించిందా?"

"కనిపించింది."

"ఏదీ, ఇలా ఇవ్వు." ట్యాబుని రెండు చేతులతో తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, కళ్లలోంచి నీళ్లు కారాయి, తెల్లటి వెలుతురు తప్ప ఏమీ లేదన్నాడు, ఆ చుక్కల మందు సాయంత్రానికి గానీ దిగదట. "పోనీ ఇవాళ్టికి నువ్వే చదువు. కింది సగం చదువు, నాకిష్టమైనది." అని ట్యాబు నా ఒళ్లో పెట్టి, మోకాలి మీద వేలు పెట్టుకుని, తల వంచుకున్నాడు, వంటింట్లో కూర్చున్నట్టే.

నేను చదవలేదు. ఆయన వేలు రెండు కొట్లు కొట్టి ఆగింది.

"ఫెలెటి, కింది సగం లేదు" అన్నాను. "అల వచ్చిన రోజే పోయింది. నువ్వు పాడించింది నేను కట్టింది."

ఫ్యాను తిరుగుతోంది. పిసిలా ఏదో అనబోయి కౌంటరు వెనక్కి వెళ్లిపోయింది. ఆయన మోకాలి మీంచి వేలు తీసేశాడు. "ముందు పాటలు?" అన్నాడు.

"వాటిలో చిల్లులు. ఒకదాంట్లో ఒకటి, ఇంకోదాంట్లో మూడు. ఇదొక్కటే సగం."

"ఆయన ఏం రాశాడో ఏమైనా తెలుస్తోందా?"

"తలలు మిగిలాయి, ఇవాళే కనిపించాయి. మూడు, మూడు, మూడు."

ఆయన పెదవులు కదిలాయి, టొ, టొ, టొ. మెల్లగా తల ఊపాడు. "అవును. నాన్న అంతే." అలసిపోయి అన్నాడు, కోపంగా కాదు, కోపమే నయం అనిపించేలా. "మరి ఆ ని టు హి? అదెక్కడిది?"

"మా అమ్మ పందుల్ని పిలిచేది అలా."

ఆయన మొహం నాకు అర్థం కాలేదు, నవ్వు మొదలై ఎక్కడో దారి తప్పింది. నేను ఆయన చేతిని పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో తెలియక ఆగిపోయాను. నన్ను క్షమించు అన్నాను, ఆ రోజు నువ్వు 'తర్వాత?' అని అడిగినప్పుడు లేదనలేకపోయాను అన్నాను, ఇంకా ఏమేమో అన్నాను.

"సమాధి దగ్గర కూర్చుని ఏడ్చాను లోసెలి" అన్నాడు. "ఆయన నన్నే పిలుస్తున్నాడనుకున్నాను. బతికున్నప్పుడు ఒక్కసారైనా అలా పిలవలేదే, పోయాక పిలిచాడు పోనీలే అనుకున్నాను."

"తెలుసు."

ఆయన చేత్తో తడుముకుంటూ నా వేళ్లు వెతికి, దొరికాక గట్టిగా పట్టుకున్నాడు, నొప్పి పుట్టేంత గట్టిగా. విప్పారిన ఆ నల్లటి కళ్లు నా మొహం ఎక్కడుందో అక్కడికి కాక కొంచెం పక్కకి చూస్తున్నాయి.

"పిలువు" అన్నాడు.

"ఇక్కడా?"

"ఇక్కడే. మీ అమ్మ ఎలా పిలిచేదో అలా."

దుకాణంలో మనుషులున్నారు, నాకు సిగ్గేసింది, అయినా పిలిచాను, చిన్న గొంతుతో, కొబ్బరి చిప్పలు పట్టుకుని పెరట్లో నిలబడ్డట్టు, పైకెక్కి, ఆగి, దిగాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత, నా చెయ్యి వదలకుండానే, "ఇంకోసారి" అన్నాడు.